దండం ఫోటో

వానాకాలం మొదలైందంటే మా స్టూడియోలో నాకు ఒక పని ఎక్కువవుతుంది. వారానికోసారి లోపలి అలమారలోంచి స్టీలు డబ్బా దించి, మూత తీసి, బియ్యం మూటల మధ్య పడుకున్న పాత కెమెరాను బయటికి తీయాలి. అలా గాలి తగలకపోతే లెన్సుకు బూజు పడుతుంది. మూత తీయగానే ముందు వేయించిన బియ్యం వాసన వస్తుంది, దాని వెనక పాత రబ్బరు వాసన, ఇంకా వెనక ఎక్కడో సైకిల్ పంక్చర్లు అతికించే సొల్యూషన్ వాసన. మొన్న కూడా అలాగే తీసి, మెత్తని గుడ్డతో తుడిచి, బ్యాటరీ వేసి, ఊరికే మీట నొక్కాను. ఠకాక్‌మంది. తలుపుకు గొళ్లెం పడ్డట్టు, గట్టిగా, దాపరికం లేని చప్పుడు. వినగానే నా భుజాలు వాటంతటవే కిందికి దిగాయి. అది విన్నప్పుడల్లా నాకు అంతే.

అప్పటికే ఒక అవ్వ పాస్‌పోర్టు ఫోటో కోసం వచ్చి స్టూలు మీద కూర్చుని ఉంది. కొంగు నిండుగా కప్పుకుని, పోలీసు ముందు కూర్చున్నట్టు బిగుసుకుపోయి ఉంది. ఆమెను ఇంకాసేపు అక్కడే కూర్చోనిద్దాం. ముందు ఈ కెమెరా ఎవరిదో చెప్పాలి.

ఇది బోధన్ విఠల్ కాకది. ఆయన పోయి నాలుగేళ్లు దాటింది. బోధన్‌లో పాత బస్టాండు వెనక సందులో, కింద స్టూడియో, మీద ఇల్లు. ఆ చుట్టుపక్కల చెరుకు ఊళ్లలో జరిగిన పెళ్లిళ్లలో సగం ఆయన కంటి ముందే జరిగాయి. నేను మాక్లూర్ పిల్లను. నిజామాబాద్‌లో కంప్యూటర్ మీద పెళ్లి ఆల్బమ్‌లు పేర్చడం నేర్చుకుని, ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర పనికి చేరాను. రోజూ పొద్దున బస్సెక్కి బోధన్ పోయేదాన్ని, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. ఆరేళ్లు అలా తిరిగాను. కాక బక్క పలచని మనిషి. తెల్ల చొక్కా జేబులో లెన్సు తుడిచే చిన్న కుంచె, నోట్లో వక్క ముక్క, నొసటి మీదికి తోసిన కళ్లద్దాలు. ఆ కళ్లద్దాల కోసం రోజుకు రెండుసార్లైనా ఇల్లంతా వెతికించేవాడు.

చేరిన వారంలోనే ఆయన పనితనం మీద నాకు గట్టి అనుమానం వచ్చింది. పెళ్లి ఫోటోలన్నీ కంప్యూటర్లో వేసి చూస్తుంటే ప్రతి చోటా రెండేసి ఉన్నాయి. మొదటి దాంట్లో మనుషులు చెక్కబొమ్మల్లా నిలబడి ఉంటారు. వెనకే వచ్చే రెండో దాంట్లో అదే మనుషులు, అదే చోట, కానీ ప్రాణమొచ్చినట్టు ఉంటారు. పెళ్లికూతురి మేనత్త తన మెడలో దండ సర్దుకుంటూ పక్కామెతో ఏదో అంటుంటుంది, పెళ్లికొడుకు ఊపిరి వదులుతుంటాడు. పెద్దమనిషికి మొదటిసారి గురి కుదరడం లేదు కాబోలు, పాపం, అనుకున్నాను. సాయం చేస్తున్నాననుకుని, మొదటివన్నీ తీసేయమంటారా అని అడిగాను.

"తీసెయ్యి. గవి దండం ఫోటోలు, ఎవ్వలకు పనికిరావు" అన్నాడు.

"పనికిరానివి మరి నొక్కుడెందుకు కాక?"

"మన్షిని కలుస్తె ఏం జేస్తవ్? ముందుగాల దండం బెడ్తవ్. అటెన్క ముచ్చట బెడ్తవ్. దండం బెట్టేటప్పుడు అందరి మొఖాలు ఒక్కతీరే ఉంటయ్. నాకు ముచ్చట పెట్టే మొఖం గావాలె."

అప్పుడు నాకు సగమే అర్థమైంది. సగం అర్థమైతే పూర్తిగా అర్థమైందనుకునే వయసు అది. ఆయన ఎవరినీ నవ్వమని అడగడు, అటు చూడు ఇటు చూడు అని సతాయించడు. చప్పుడయ్యేలా ఒకసారి నొక్కుతాడు. చప్పుడు వినగానే ఎదుటివాళ్లు అయిపోయిందనుకుంటారు, పట్టుకున్న ఊపిరి వదిలేస్తారు. కాక చెయ్యి అప్పటికీ మీట మీదే ఉంటుంది. ఆయన విద్యంతా ఆ వదిలేసిన ఊపిరిలో ఉంది. ఈ సంగతి నాకు పూర్తిగా తెలిసిరావడానికి ఒక పెద్ద పొరపాటు చేయాల్సి వచ్చింది.

కాక భార్యను నేను చిన్నమ్మ అనేదాన్ని. మధ్యాహ్నం జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పట్టుకుని కిందికి దిగేది. అన్నం పెట్టిన చేత్తోనే నాకో పని కూడా అప్పజెప్పింది. "బిడ్డా, నాకు మీ కాక ఫోటో ఒక్కటి మంచిది తీసియ్యి. ఊరోళ్లందరి మొఖాలు మంచిగ తీస్తడు, ఆయన మొఖం మాత్రం ఏ ఫోటోల సూసినా కరెంట్ బిల్లు సూసినట్టే ఉంటది" అంది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మేడ మీద గూట్లోంచి ఫోటోలు తెచ్చి చూపించింది. పెళ్లి ఫోటో, రేషన్ కార్డు ఫోటో, ఎవరో బంధువుల ఇంట్లో తీసింది ఒకటి. అన్నింట్లో కాక కళ్లు కొద్దిగా చిట్లించి, వెలుతురు ఎంతుందో కొలుస్తున్నట్టు ఉన్నాడు. "ముప్పయ్యేండ్లాయె, ఇంట్ల నాతోని మాట్లాడే మన్షి గిండ్ల ఒక్కదాంట్ల లేడు" అంది చిన్నమ్మ. ఇదేం పెద్ద పని, పది రోజుల్లో తీసిస్తానని మాటిచ్చాను. ఆ పది రోజులు అయిదేళ్ల దాకా సాగాయి.

అప్పట్లో మా దగ్గరున్నది ఈ పాత కెమెరా ఒక్కటే. ఇటుకంత బరువు. వెనక తెర అగ్గిపెట్టెంత. తీసిన ఫోటో అందులో చూస్తే మనిషా, గుంజా అన్నది మాత్రమే తెలుస్తుంది. ఫోటోలు దాచుకునే కార్డు బిస్కెట్టంత మందంగా ఉండేది. వరసగా ఎనిమిదో తొమ్మిదో తీస్తే ఆ కార్డు మింగలేక కెమెరా ఆగిపోయేది, ఎర్ర లైటు వెలిగి, ఎంత నొక్కినా పలికేది కాదు. చేతిపట్టు రబ్బరు ఊడిపోతే కాక పంక్చర్ సొల్యూషన్‌తో తనే అతికించుకున్నాడు. ఫంక్షన్ హాల్లో వెలుతురు తగ్గితే ఫోటో నిండా ఇసుక చల్లినట్టు వచ్చేది. ఆ ఇసుకంతా కంప్యూటర్లో కడిగే పని నాది. ఒక్కో పెళ్లికి నా కళ్లు మండిపోయేవి.

అందుకే కొత్త కెమెరా కొనమని ఏడాది పాటు కాక ప్రాణం తీశాను. చివరికి కాలువ కింద పొలాలున్న కోస్తా వాళ్ల ఇంట్లో పెళ్లి మాట్లాడుకోవడానికి పోయినప్పుడు, పెళ్లికూతురి అన్న "మీ కెమెరా ఎన్నేళ్ల నాటిదండీ?" అని మర్యాదగానే అడిగాడు. కాక కళ్లద్దాలు నొసటి మీదికి తోసి, "మీ చెల్లె కన్న చిన్నదే" అన్నాడు. అందరూ నవ్వారు. కానీ ఆ మాట ఆయనకు తగిలినట్టే ఉంది. ఆ నెలలోనే కొత్తది వచ్చింది.

అది వచ్చిన రోజు నేను చేసిన హడావుడి తలుచుకుంటే ఇప్పుడు నాకే నవ్వొస్తుంది. చీకట్లో చూస్తుంది, ముఖం ఎక్కడుందో తనే వెతుక్కుంటుంది, అడ్డు లేకుండా వరసగా తీస్తూ పోతుంది అని, దాన్ని నేనే తయారు చేసినట్టు చదివి వినిపించాను. కాక అంతా విని, "కొట్లాటెందుకు, రెంటితోని ఒక్కటే తీసి సూద్దాం పా" అన్నాడు. స్టూడియో ఎదురుగా చెరుకు రసం బండి ఉండేది, చక్రానికి గజ్జెలు కట్టి ఉండేవి. దాని ముందు నిలబడి, ఇద్దరం ఒకే చక్రాన్ని, ఒకే రసం ధారను, బండి ఆయన ముఖాన్ని రెండు కెమెరాలతో తీశాం. చిన్న సైజులో ప్రింటు వేస్తే ఏది దేనితో తీసిందో ఇద్దరికీ తేలలేదు. నా ఉత్సాహం మీద నీళ్లు చల్లినట్టయింది. కానీ ఆల్బమ్ పేజీ అంత పెద్దది వేసేసరికి తేడా తెలిసిపోయింది. కొత్తదాంట్లో పిప్పి పోగులు ఒక్కొక్కటి లెక్కపెట్టొచ్చు, గజ్జె మీద గీత కూడా కనిపిస్తోంది. పాతదాంట్లో అవన్నీ మెత్తగా కలిసిపోయాయి. ఒక్క సంగతిలో మాత్రం పాతదే నయం. బండాయన ముఖం రంగు దాంట్లో ఎండకు నల్లబడ్డ ముఖంలాగే ఉంది. కొత్తది ఆయనకు కొంచెం పౌడరు రాసింది.

కాక భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. "నిజం జెప్పాలంటె, గిది నాకన్న మంచిగ సూస్తున్నది" అన్నాడు. ఓటమి ఒప్పుకోవడానికి ఆయన ఎప్పుడూ వెనకాడడు, ఆ గుణం నాకు ఇప్పటికీ పట్టుబడలేదు.

"అయితే పాతదాన్ని పక్కకు పెడదామా కాక?"

"పెడ్దాం తియ్యి, తొందరేముంది. సూసుడు ఒక్కటే అయితె మనమెందుకు బిడ్డా, దాన్నే పెండ్లికి పంపుదుము."

ముసలాయన మొండిపట్టు అనుకున్నాను. ఆ రోజు నుంచి కొత్తది నా మెడలోకి, పాతది ఆయన మెడలోకి వచ్చాయి. ఆయనకు కొత్తదానితో ఒక్కటే పేచీ. దాని వెనక తెర పెద్దది కదా, తీసిన ప్రతిసారీ నేను తల దించి ఎలా వచ్చిందో చూసుకునేదాన్ని. "తల దించితె మన్షి పోతడు" అని వెనక నుంచి వీపు మీద తట్టేవాడు. పాతది ఆగిపోయినప్పుడు ఆయన ఏం చేస్తాడో అప్పుడు గమనించాను. కెమెరా దించి, ఎర్ర లైటు ఆరేదాకా ఎదురుగా ఉన్న మనుషులను చూస్తూ నిలబడేవాడు. ఎవరు ఎవరి వైపు జరుగుతున్నారు, ఎవరికి కళ్లు తడుస్తున్నాయి అన్నది ఆ ఖాళీలోనే ఆయనకు తెలిసేది. నా కెమెరా ఆగేది కాదు, నేనూ ఆగేదాన్ని కాదు.

పొరపాటు సంగతి ఇప్పుడు చెబుతాను. కాలువ పక్క ఊళ్లో సాయిలు అనే రైతు తన బిడ్డ గంగమణికి ఒడిబియ్యం పోస్తున్నాడు. పెళ్లైన ఆడబిడ్డ ఒడిలో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు పోసి పంపడం మా వైపు ఆనవాయితీ. అది ఏటా చేసేది కాదు. అసలు ఆ ఏడు చేసే ఆలోచన కూడా వాళ్లకు లేదు. సాయిలుకు గుండె ఆపరేషన్ కోసం హైదరాబాద్ రమ్మన్నారు. పోయేముందు బిడ్డ ఒడి నింపాలని పట్టుబట్టాడు. ఫోటో కావాలని కూడా ఆయనే అడిగాడు. అదే రోజు కాక నందిపేటలో పెళ్లి ఒప్పుకుని ఉన్నాడు. "నువ్వు పో. ఒక్క ఫోటో మంచిగొస్తె సాలు, తండ్రీ బిడ్డలది" అని నన్ను పంపాడు.

నేను కొత్తది మెడలో వేసుకుని పోయాను. దానికి చప్పుడు తగ్గించే ఏర్పాటు ఒకటి ఉంది. అంతకు ముందు ఒక వ్రతంలో అయ్యగారు కెమెరా చప్పుడుకు రెండుసార్లు నా వైపు ఉరిమి చూశాడు. అప్పటి నుంచి దాన్ని అలాగే పెట్టి వాడుతున్నాను, మర్యాద తెలిసినదాన్నని కాస్త గర్వపడుతున్నాను కూడా. ఆ ఇంట్లో పీట మీద గంగమణి కొంగు పట్టి కూర్చుంది. సాయిలు భార్యతో పాటు నిలబడి దోసిట్లో బియ్యం పట్టుకున్నాడు. నేను తీస్తున్నాను. ఆయన కదలడం లేదు. "తీసినవా బిడ్డా?" అన్నాడు. తీశాను అన్నాను. నమ్మలేదు. మళ్లీ బిగుసుకుని నా వైపే చూస్తున్నాడు. వేళ్ల సందుల్లోంచి గింజలు రాలుతున్నాయి. వెనక నుంచి ఎవరో "చప్పుడు రాలె, ఇంకా తియ్యలేదు, ఉండుండు" అన్నారు. అలాగే ఒడి నిండింది. నాలుగు వందల ఫోటోలు తీసుకుని, మంచి పని చేశానని సంతోషంగా ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున్నే కాక నా పక్కన కుర్చీ వేసుకుని అవన్నీ చూశాడు. ఒక్కటీ మసకబారలేదు. పసుపు గింజలు ముత్యాల్లా మెరుస్తున్నాయి. వాటి మధ్య సాయిలు ముఖం మొదటి దాంట్లో ఎలా ఉందో చివరి దాంట్లోనూ అలాగే ఉంది. గంగమణి కూడా తండ్రిని చూడకుండా నన్నే చూస్తోంది. కాక నన్ను తిట్టలేదు. "చప్పుడెందుకు బంజేసినవ్ బిడ్డా?" అన్నాడు. నేను అయ్యగారి సంగతి చెప్పాను. ఆయన తెర వైపు చూస్తూనే, "గాయన ఇంకా ఊపిరి బట్టుకునే ఉన్నడు సూడు" అన్నాడు.

ఆ మాటతో నాకు అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి. దండం ఫోటో, రెండో ఫోటో, ఆగిపోయే కెమెరా, అన్నీ. గుండె ఆపరేషన్‌కు పోయే మనిషిని గంట సేపు ఊపిరి బిగబట్టించి వచ్చాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను, ఏడుపొచ్చింది. "ఏడ్సుడు తర్వాత. గంగమణి అత్తగారింటికి ఎప్పుడు పోతది?" అన్నాడు. మధ్యాహ్నం పోతుందని చెప్పాను. ఆయన లేచి పాత కెమెరా మెడలో వేసుకున్నాడు, స్కూటర్ తీశాడు. దారిలో నేను భయం భయంగా, మళ్లీ ఒక దోసిలి పోయించి తీద్దామా అన్నాను. "ఫోటో కోసం మళ్ల పోస్తరా? గది పోసుడు అయిపోయింది. మన తప్పు మన కాడనే ఉండాలె" అన్నాడు.

మేం పోయేసరికి గంగమణి బట్టలు సర్దుకుంటోంది. కాక తప్పు నా మీదికి రానీయలేదు. "మా బిడ్డ తీసినయ్ మంచిగనే ఉన్నయ్, గని నాకు మీ ఇద్దరిది ఒక్కటి గావాలె" అని తండ్రీ బిడ్డలను అరుగు మీద కూర్చోబెట్టాడు. సాయిలు వెంటనే బిగుసుకున్నాడు, గంగమణి కొంగు సవరించుకుంది. కాక మీట నొక్కాడు. ఠకాక్‌మని అరుగంతా వినిపించింది.

"అయ్యిందా?" అన్నాడు సాయిలు.

"అయ్యింది బాపూ."

ఆయన ఊపిరి వదిలాడు. భుజాలు దిగాయి. బిడ్డ వైపు తిరిగాడు. ముందురోజు ఒడిబియ్యంలోని పసుపు గింజ ఒకటి గంగమణి జుట్టులో ఇంకా ఇరుక్కుని ఉంది. ఆయన చెయ్యి పెట్టి దాన్ని మెల్లగా తీస్తుంటే ఆమె కళ్లెత్తి తండ్రిని చూసింది. అప్పుడు రెండోసారి ఠకాక్‌మంది. మూడోది తీయలేదు. కార్డులో చోటుండి కూడా తీయలేదు.

సాయిలు బాగై తిరిగి వచ్చాడు. ఆ ఫోటో కోసం ఆయనే స్వయంగా స్టూడియోకు వచ్చి, నేను తీసిన ఆల్బమ్ కూడా తిరగేసి, "గిండ్ల నేను ఏదో దొంగతనం జేసి దొరికినట్టున్న బిడ్డా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. కొత్త కెమెరాలో ఆ చప్పుడు తగ్గించే ఏర్పాటును ఆ రోజే తీసేశాను. అయినా దాని గొంతు మెత్తనిదే, పది అడుగుల దూరంలో ఉన్నవాళ్లకు వినపడదు.

చిన్నమ్మకు ఇచ్చిన మాట మాత్రం అలాగే మిగిలింది. నేను ప్రయత్నించకపోలేదు. రొట్టె తింటుండగా తీశాను, కళ్లద్దాలు వెతుక్కుంటుండగా తీశాను, ఫోన్‌తో తీశాను, కొత్తదానితో వరసగా ముప్పై తీశాను. కెమెరా తన వైపు తిరిగిందంటే ఆయనకు వీపులో తెలిసిపోయేది. వెంటనే ఆ చిట్లించిన కళ్లు, వెలుతురు కొలిచే ముఖం. తీసినవన్నీ చిన్నమ్మకు చూపించేదాన్ని. ఆమె ఒక్కొక్కటీ చూసి, "ఈయన మీ కాక, నా మన్షి గాదు" అని తిరిగి ఇచ్చేసేది. మెల్లగా కాక కుడిచెయ్యి వణకడం మొదలైంది. పెళ్లిళ్లకు నేనే పోతున్నాను. మనిషి చిక్కిపోయాడు, వక్క మానేశాడు. చిన్నమ్మ ఫోటో సంగతి అడగడం కూడా మానేసింది. అడగకపోవడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆ చలికాలంలో పాత కెమెరా మీట ఇరుక్కుపోతే నిజామాబాద్ తీసుకుపోయి బాగు చేయించాను. మర్నాడు మధ్యాహ్నం కాకకు చూపిద్దామని మేడ మీదికి పోయాను. కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిన్నమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. "గురి సరిగ్గ ఉన్నదో లేదో సూడాలె కాక, జర కదలకుండ కూసో" అన్నాను. అది కెమెరా పరీక్షే, అందులో అబద్ధం లేదు. ఆయన అలవాటు ప్రకారం కళ్లు చిట్లించాడు. నేను మీట నొక్కాను. ఠకాక్‌మని గది నిండా వినిపించింది.

కాక ముఖం మారిపోయింది. నిజంగా ఆశ్చర్యపోయాడు. "ముందల కూసుంటె గిట్ల ఇనవడ్తదా ఇది?" అన్నాడు. అప్పుడు నాకు తట్టింది. కొన్న నాటి నుంచి ఆయన ఎప్పుడూ దీని వెనకే ఉన్నాడు. ఊళ్లకు ఊళ్లు దీని ముందు నిలబడ్డాయి గానీ, ఆయన ఒక్కసారి కూడా దీని ముందు కూర్చోలేదు. ఆ చప్పుడు తనకు ఎదురుగా వచ్చి తగలడం అదే మొదటిసారి. ఆయన భుజాలు కిందికి దిగాయి. తల తిప్పి, "ఇన్నవా, గొంతు ఎంత గట్టిగున్నదో" అని చిన్నమ్మతో అన్నాడు. ఆమె చిక్కుడుకాయల మీంచి తల ఎత్తి ఆయన్ను చూసింది. నా వేలు రెండోసారి నొక్కింది. అది విన్నాక గానీ ఆయనకు సంగతి తెలియలేదు. నా వైపు తిరిగాడు.

"నాకే దండం బెట్టినవానే?" అన్నాడు.

"పెట్టిన కాక."

మూడోది తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, "సాలు" అన్నాడు. తర్వాత ఆ కెమెరాను నా చేతుల్లోంచి తీసుకోలేదు. "నీ కాడనే ఉంచు. వానలకు బియ్యంల పెట్టు. తియ్యకున్నా సరే, వారానికోపారి పలకరియ్యి" అన్నాడు. చిన్నమ్మకు ఆ ఫోటో పెద్దది చేయించి, అద్దం కట్టించి ఇచ్చాను. ఆమె రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గరికి పోయి చూసింది. కొంగుతో అద్దం తుడిచింది. అద్దం మీద మరకేమీ లేదు. ఆ తర్వాత కాక ఏడాది కూడా బతకలేదు. ఇప్పుడు ఆ ఇంట్లో ఆ ఫోటో, వంట చేస్తూ తల ఎత్తితే కనిపించే చోట ఉంది. కాక ఎప్పుడూ ఆమె వైపే తిరిగి ఏదో చెబుతుంటాడు.

స్టూలు మీద అవ్వ ఇంకా అలాగే కూర్చుని ఉంది కదా. మొన్న నేను మాటల్లో పడకుండా ఆమె దగ్గరికే పోయాను. పాత కెమెరాలో ఇప్పుడు కార్డు కూడా వేయను. దాన్ని ఆమె ముఖానికి ఎదురుగా పట్టి మీట నొక్కాను. ఠకాక్‌మంది. అవ్వ ఊపిరి వదిలింది, కొంగు వదులు చేసుకుంది, లేవబోతూ "అయిపాయెనా బిడ్డా?" అంది.

"ఇంకొక్కటి అవ్వా."

నేను రెండో కెమెరా ఎత్తడం చూసి ఆమెకు నవ్వొచ్చింది. "ఒక్క ఫోటోకు రెండు కెమెరాలెందుకే?"

"మొదటిది నీకు దండం బెట్టింది అవ్వా" అన్నాను.

"గట్లనా" అని, ఆమె నిజంగానే చేతులు జోడించి పాత కెమెరాకు తిరిగి దండం పెట్టింది. ఆ చేతులు దించుతుండగా కొత్తదానితో తీశాను.